బొజ్జయ్య పుల్ల

వంతెన పునాది బావిలోకి దిగే ముందు బొజ్జయ్య ఇసుక తిన్నె అంచున, నీటికి ఆనుకుని, ఒక పుల్ల గుచ్చేవాడు. అది చూస్తే నాకు ఒళ్లు మండేది. నేను మధిరవాణ్ని, గోదావరి మీద కొత్త వంతెన పనిలో క్రేన్ ఆపరేటర్‌ని. నీటిమట్టం చూడ్డానికి గంటకోసారి కొలత రాసే మనిషున్నాడు. ఇంక ఈ పుల్లెందుకయ్యా?

"పాత వంతెన కట్టేటప్పుడు మా నాయిన గిట్లనే గుచ్చేటోడు. పుల్ల మునిగితే నన్ను జల్దీ పిలువుండ్రి" అనేవాడు.

కోయ మనిషి. ఏళ్ల తరబడి రేవులో పడవ నడిపాడు. వంతెన పూర్తయితే ఆ పడవకి పనుండదు కదా అంటే, "నా బిడ్డ దవాఖానాకు పోతా పోతా పడవలనే పానమిడిసింది సారూ. రానీ వంతెన" అన్నాడు.

పునాది బావి అంటే నది అడుగుకి దించే పెద్ద కాంక్రీటు గొట్టం. ఆ మధ్యాహ్నం దాని అంచు కింద దుంగ అడ్డుపడింది. తీయడానికి బొజ్జయ్య నోట్లో గాలిగొట్టంతో మునిగాడు. నడుముకున్న తాడు పైన భార్య జంపక్క చేతిలో ఉంది. బయట నది పెరిగితే అడుగు నుంచి ఇసుక లోపలికి తన్నుకొస్తుంది. మనిషి కూరుకుపోతాడు.

క్రేన్ దిగుతుంటే పుల్ల కాలికి తగిలింది. విసుక్కుంటూ పీకి అవతల పారేశాను.

అరగంటకి జంపక్క తల తిప్పింది. "పుల్లేదన్నా?"

"నేనే పీకేశా" అంటూ చూద్దును కదా, పుల్ల ఉన్నచోట జానెడు ఎర్రనీళ్లు! ఓరి దేవుడో!

జంపక్క తాడు మూడుసార్లు లాగింది. పైకి రమ్మని గుర్తు. జవాబు లేదు. మళ్లీ లాగింది. లేదు.

"ఇటియ్యమ్మా, క్రేన్‌కి తగిలించి లాగేస్తా!"

"ఒద్దు! తాడు దుంగకు మెలేసుకుంటడు. గుంజితే నడుం ఇరుగుతది." ఆమె పిడికిలి విప్పి తాడంతా వదులు చేసింది. "వదులైతే పనిడిసి రావాలె. మేం గట్లనే అనుకున్నం."

ఆ మనిషి పోతే చంపింది నేనే.

ఎంతకీ రాలేదు. చివరికి బురదనీళ్లలో తల లేచింది. బొజ్జయ్య దగ్గి దగ్గి ఇసుక ఉమ్మాడు.

"తొడల దాంక వచ్చింది ఇసుక. పుల్ల మునిగినంక పిలువనీకి గింతసేపేంది?"

జంపక్క నావైపు చూసింది.

"పుల్ల నేను పీకేశాను బొజ్జన్నా" అని చెప్పి బావురుమన్నాను.

అతను మూతి తుడుచుకున్నాడు. "మల్ల దిగేటప్పుడు పుల్ల నువ్వే గుచ్చు" అన్నాడు.

వరద తీశాక నేనే గుచ్చాను. అతను పైకొచ్చేదాకా దాని పక్కనే కూర్చున్నాను.