నాది కాని లక్షణం

కారణం లేకుండా ఏదైనా జరుగుతుందని నేను ఎన్నడూ నమ్మలేదు. దయ్యాల సంగతి అసలే చెప్పనక్కరలేదు. మా అమ్మ నర్సు. నాన్న పోయాక ఢిల్లీలో ఒక ఆస్పత్రిలో పనిచేస్తూ నన్ను ఒంటరిగా చదివించింది. శవాల గది పక్కనుంచి రోజూ డ్యూటీకి వెళ్లివచ్చే మనిషి ఇంట్లో అలాంటి మాటలకు చోటుండదు. పైగా నాకు డైరీ రాసే అలవాటు ఉంది. జరిగినదాన్నీ, నేను అనుకున్నదాన్నీ కలిపి రాయను. ఇక్కడా అదే నియమం.

అది 2006, చలి తగ్గుతున్న రోజులు. నేను హోమియోపతి మూడో సంవత్సరం చదువుతున్నాను. ఢిల్లీ పక్కనే ఉన్న వైశాలిలో, లిఫ్టు లేని భవనంలో, నాలుగో అంతస్తులో అద్దెకుండేవాళ్లం. అమ్మది తెనాలి వైపు. నా చదువంటే ఆమెకు పెద్ద గౌరవం లేదు. “చక్కెర గోళీలకి కూడా ఫిలాసఫీ ఉంటదటే?” అని నవ్వేది.

ఉండేది. నాకు బాగా పట్టుబడిన పాఠం కూడా అదే. మందుల మీద వాదన ఎలా ఉన్నా, రోగి మాట వినే పద్ధతిని మాకు చాలా కఠినంగా నేర్పేవారు. రోగి మాటకు అడ్డు రాకూడదు. అవునో కాదో అని జవాబు వచ్చే ప్రశ్న వేయకూడదు. చెప్పినదాన్ని మన మాటల్లోకి మార్చకుండా రాయాలి. రోగి ఆగిపోతే “ఔర్ కుఛ్?”, ఇంకేమైనా ఉందా, అని మాత్రం అడిగి మౌనంగా ఉండాలి. అందరికీ వచ్చే నొప్పికంటే, ఆ ఒక్కరికే ఉన్న వింత లక్షణం విలువైనదని మా సార్ పదే పదే చెప్పేవారు.

శనివారాల్లో ఆ పద్ధతిని మాలో మేమే అభ్యాసం చేసేవాళ్లం. ఒకరు వైద్యులు, ఇంకొకరు రోగి. రోగి కుర్చీలో కూర్చున్నవారు తమకు నిజంగా ఉన్న బాధనే చెప్పాలి, కల్పించకూడదు. ఆ మధ్యాహ్నం రోగి వంతు నాది. ఎదురుగా రోహ్‌తక్ అమ్మాయి జ్యోతి కూర్చుంది. నా జలుబు సంగతంతా చెప్పి ఆగాను.

“ఔర్ కుఛ్?” అంది జ్యోతి.

ఆ మౌనంలో నా నోటినుంచి ఇంకో సంగతి వచ్చింది. మెట్లెక్కుతుంటే ఎడమ భుజం రెక్క కింద మేకు దిగినట్టు నొప్పి వస్తుందనీ, నిలబడితే తగ్గుతుందనీ, నొప్పికి ముందు పాలు అడుగంటిన వాసన తగులుతుందనీ చెప్పాను. హిందీలో, ఎక్కడా తడుముకోకుండా. చెబుతున్నప్పుడే అది నా బాధ కాదని నాకు తెలుసు. నాకు భుజం నొప్పి అంతకుముందెప్పుడూ లేదు.

“అరే యార్, ఈ వయసులో ముసలి దాదీ జబ్బులా?” అంది జ్యోతి. వెనక నిలబడిన సార్ మాత్రం నవ్వలేదు. అబద్ధపు లక్షణం చెప్పడం అలవాటైతే రేపు నిజమైన రోగిని పోల్చుకోలేనని మందలించారు. క్షమించమన్నాను.

సాయంత్రం అన్నం తింటూ ఈ సంగతి అమ్మకు తమాషాగా చెప్పాను. ఆమె చెయ్యి పళ్లెంలోనే ఆగిపోయింది.

“నీకెవరు చెప్పారే?” అంది.

ఆ నొప్పి ఆమెకుంది. కొన్ని వారాలుగా మెట్లెక్కేటప్పుడల్లా వస్తోంది. అలాంటి నొప్పి వస్తే ఒక్క రోజు కూడా ఆగవద్దని వార్డులో ఎందరికో చెప్పిన మనిషి, తనకొచ్చింది గ్యాసని తీర్మానించుకుని, డ్యూటీ మధ్యలో గ్యాస్ మందు తాగుతూ గడుపుతోంది. తోటి సిస్టర్లకు కూడా చెప్పలేదు. వెంటనే చూపించుకుందామంటే ఒప్పుకోలేదు.

“పాల వాసనా లేదు, పెరుగు వాసనా లేదు. నాకు తెలీదటే? నువ్వు తిను” అంది.

దానికి నేనొక వివరణ కుదుర్చుకున్నాను. రోజూ ఆమె వెనకే మెట్లెక్కుతున్నాను. ఆమె ఆగడం, చెయ్యి వీపు మీదికి పోవడం నా కళ్లు చూసి ఉంటాయి. నేను పట్టించుకోనిది మనసు దాచుకుని ఉంటుంది. పాల వాసన వట్టి కల్పన. ఈ వివరణలో మొదటి భాగం సరైనదని ఇప్పటికీ నమ్ముతున్నాను.

మర్నాడు ఆదివారం. చర్చిలో తెలుగు ఆరాధన ముగించుకుని మధ్యాహ్నం ఇంటికి వచ్చాం. అమ్మ ముందు, నేను ఒక మెట్టు కింద. మూడో అంతస్తు మలుపులో ఆమె రెయిలింగ్ పట్టుకుని ఆగింది.

“పొయ్యి మీద పాలు పెట్టి మర్చిపోయామా?”

ఆ ఉదయం మేం పాల ప్యాకెట్ విప్పనే లేదు. నాకు ఏ వాసనా రాలేదు. అన్న తర్వాత, తానేమన్నదో ఆమెకే అర్థమై నా వైపు తిరిగింది. నుదుట చెమట పట్టింది. నొప్పి అప్పుడు మొదలైంది. ఆమె మెట్టు మీద కూర్చుని, “ఇక పైకి ఎక్కను. బండి చూడు” అంది.

కింది అంతస్తు అంకుల్ తన కారులో ఆస్పత్రికి తీసుకువెళ్లారు. గుండెకు రక్తం తీసుకెళ్లే ప్రధాన నాళం దాదాపు మూసుకుపోయిందన్నారు. ఆ సాయంత్రమే స్టెంట్ వేశారు. గ్యాసనుకుని ఇంకొన్నాళ్లు తిరిగి ఉంటే ఆ మెట్ల మీదే ప్రాణం పోయేదని డాక్టర్ చెబితే అమ్మ తలవంచుకుని విన్నది.

తరువాత నేను చేయవలసిన విచారణ చేశాను. మా భవనంలో ప్రతి తలుపూ తట్టి అడిగాను. ఆ రోజు ఎవరింట్లోనూ పాలు మాడలేదు. నేను చెప్పిన మాట మనసులో పడి అమ్మకు ఆ వాసన తోచిందనవచ్చు. అది జరగరానిదేమీ కాదు. కాని అప్పటికి ఎవరికీ రాని ఆ వాసన శనివారం నా నోటికి ఎలా వచ్చిందో ఆ వాదన చెప్పదు. నేను చదివిన ఏ పాఠంలోనూ గుండెనొప్పి పక్కన అడుగంటిన పాల ప్రస్తావన లేదు.

అమ్మ కోలుకున్నాక ఆరాధనలో సాక్ష్యం చెప్పింది. ఆపద తప్పినవాళ్లు లేచి ఆ సంగతి అందరికీ చెప్పడం మా సంఘంలో ఆనవాయితీ. నన్నూ లేవమన్నారు. పైన రాసినదంతా ఇదే వరుసలో చెప్పాను.

పాస్టరుగారు ప్రేమగానే అడిగారు. “ఆ మాట నీ నోట పలికించినదెవరమ్మా?”

అందరూ ఒకే జవాబు కోసం చూస్తున్నారు. అది చెప్పి కూర్చోవడం తేలిక.

“నాకు తెలియదండీ” అన్నాను.

అమ్మ నా చున్నీ పట్టి లాగి కూర్చోబెట్టింది. “దీనికి తెలియకపోతే పోయిందిలెండి పాస్టరుగారూ, నేనైతే బతికున్నాను” అంది.

ఆ రోజు నేనిచ్చిన జవాబు తప్పని నిరూపించేది ఇన్నేళ్లలో నాకు ఏదీ దొరకలేదు.