పంచెలకు మసి అంటకూడదని

మా వ్యానుకు స్టెయిన్‌లెస్ స్టీలు సైలెన్సరు వేయించింది నేనే. దాని గొట్టం ఎక్కడ కోయాలో చెప్పిందీ నేనే. మెకానిక్ వద్దన్నాడు. అతని మాట విని ఉంటే అమ్మ మూడు రోజులు ఆక్సిజన్ మాస్కు పెట్టుకొని పడుకోవలసిన అవసరం ఉండేది కాదు. ఈ సంగతి మొదటే చెప్పేస్తున్నాను. చెప్పకపోతే దాటవేస్తాను, నా సంగతి నాకు తెలుసు.

మాది తిరుత్తణి పక్కన మగ్గాల ఊరు. తెల్ల పంచెలు నేసి తిరువళ్ళూరు కొట్లకు వేస్తాం. మా వ్యాను నాకన్నా కొంచెమే చిన్నది. వెనక సీట్లు ఎప్పుడో తీసేసి చాప పరిచాం. మా ఇళ్ళలో ఒక పద్ధతి ఉంది. మూట కొట్టు గడప దాటేదాకా ఇంటి మనిషి ఒకరు దాన్ని వదలకుండా పక్కనే కూర్చోవాలి. నాన్న పోయాక ఆ పని అమ్మ తీసుకుంది. చాప మీద కాళ్ళు చాపుకొని, మూటకు ఆనుకొని, దారి పొడుగునా ఊళ్ళో వాళ్ళ కబుర్లు చెప్పేది. నేను సగం వినేవాణ్ణి.

పాత సైలెన్సరు తుప్పు పట్టి చిల్లులు పడింది. మా బండి వస్తోందని రెండు వీధుల అవతలికే తెలిసిపోయేది. తిరువళ్ళూరులో కొత్తవి చేసిపెట్టే షెడ్డు ఒకటుందంటే వెళ్ళాను. అక్కడి మెకానిక్ తెలుగూ అరవమూ కలిపి మాట్లాడే మనిషి. రెండు రకాల గొట్టాలు ముందు పెట్టి, నా చేతికి ఒక అయస్కాంతం ఇచ్చాడు. ఒకదానికి అది గట్టిగా అతుక్కుంది. రెండోదాని మీంచి జారి కింద పడింది.

"అతుక్కోనిదే మంచి సరుకు సార్. తుప్పు అంత తొందరగా పట్టదు," అన్నాడు.

నూలు చూసి అది ఎన్నో నెంబరుదో చెప్పగలవాణ్ణి కదా, స్టీలు కూడా నాకు తెలుసన్నట్టు గోటితో మీటి చూసి, ఆ రెండోదే కావాలన్నాను. మధ్యాహ్నానికల్లా ఇంజిను దగ్గర కొత్త గాస్కెట్టు పడింది, అడుగున రబ్బరు పట్టీలకు గొట్టం వేలాడింది. తళతళలాడుతూ వెనక బంపరు దాటి జానెడు బయటికి వచ్చింది. అది చూడగానే నాకు దిగులు పట్టుకుంది. పాతదానికీ అక్కడే మూతి ఉండేది. మూటలు దించేటప్పుడు మసి అంటిందని ఒకసారి కొట్టువాడు మూటకు మూటే తిప్పి పంపాడు. ఆ రోజు అమ్మ అన్నం ముట్టలేదు.

"బయటికి వద్దు, అన్నా. లోపలే కోసెయ్యి. పంచెలకు మసి అంటకూడదు," అన్నాను.

"వేణాం సార్, వద్దు. పొగ బండిని దాటి పోవాల. అడుగునే విడిస్తే యాడికి పోతాది? పైకే వస్తాది."

"కింద ఇనుప రేకు ఉండాది గదన్నా. ఎట్లా వస్తాది? నువ్వు కోయి."

అతను రంపం అందుకుని కోశాడు. గొట్టం మూతి ఇప్పుడు సరిగ్గా అమ్మ కూర్చునే చోటు కింద ఉంది.

మొదటి ప్రయాణంలో బండి చప్పుడు లేకుండా నడిచింది. నాకు గర్వంగా ఉంది. తిరువళ్ళూరులో దిగాక అమ్మ తల దిమ్ముగా ఉందంది. ఎండకేమో అనుకున్నాను. రెండోసారి కొట్టు ముందే వాంతి చేసుకుంది. సోడా తాగించి, పొద్దున ఏం తిన్నావని గదిమాను. ఇంటికి వచ్చే దారిలో ముందు సీట్లో కూర్చుంది, తేరుకుంది. అదీ నా బుర్రకు ఎక్కలేదు.

మూడోసారి వాన. పంచెలు తడుస్తాయని వెనక అద్దాలన్నీ బిగించాను. నా పక్క అద్దం మాత్రం సగం దించుకున్నాను, సిగరెట్టు కోసం. తిరువళ్ళూరు ఇంకా ఆరేడు మైళ్ళుందనగా రోడ్డు పనుల దగ్గర బళ్ళు ఆగిపోయాయి. ఇంజిను ఆపితే వానలో మళ్ళీ అందుకోదని నడుస్తూనే ఉంచాను. అమ్మ ఎవరిదో పెళ్ళి కబురు చెబుతోంది. మాటల మధ్య ఎడం పెరిగింది. తర్వాత "ఊఁ" మాత్రమే వినబడింది. కునుకు తీస్తోందిలే అనుకున్నాను. అరగంట పైనే అలా కూర్చున్నాను.

బళ్ళు కదిలాక పిలిచాను. పలకలేదు. దిగి వెనక తలుపు తీస్తే అమ్మ మూట మీదికి ఒరిగిపోయి ఉంది. మొహం ఎర్రగా ఉంది. చాప పక్కకు జరిగిన చోట రేకు తుప్పు తిని, అరచేయి పట్టేంత కంత కనిపించింది. అందులోంచి పొగ సన్నగా పైకి వస్తోంది. మూటలు మాత్రం తెల్లగా ఉన్నాయి.

ఆసుపత్రిలో డాక్టరు రెండు ప్రశ్నలతోనే సంగతి పట్టేశాడు. ఇంకొంచెం ఆలస్యమైతే దక్కేది కాదని నా మొహం మీదే చెప్పాడు. రెండో రోజు సాయంత్రం అమ్మ కళ్ళు తెరిచింది. ఇంటికి వచ్చాక కూడా చేతులు వణికేవి, పోగు అతకలేకపోయేది.

చూడ్డానికి వచ్చిన వాళ్ళందరికీ అమ్మ ఒకటే చెప్పింది. "పొద్దున ఏమీ తినలా. కళ్ళు తిరిగినాయి." నేను పక్కనే కూర్చుని తలూపాను. నాలుగు రోజులు అలాగే తలూపాను. చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది, కానీ ఆ అబద్ధం నాకు హాయిగానే ఉండింది.

ఐదో రోజు పక్క వీధి మామ వచ్చాడు. ఆయనకూ మాలాంటి వ్యానే ఉంది. లోపలికి వచ్చేముందు వంగి మా బండి అడుగు చూసినట్టున్నాడు.

"గొట్టం భలే కోయించినావు అల్లుడూ. నాదీ అట్లే చేయిస్తా. మనవరాళ్ళు వెనకే గదా కూర్చునేది, దిగేటప్పుడు పొగ తగలకుండా ఉంటాది," అన్నాడు.

అమ్మ నా వైపు చూసింది.

"వద్దు మామా. అమ్మ పడిపోయింది ఆ పొగకే. మెకానిక్ వద్దంటే నేనే కోయించినాను."

మామ కాఫీ గ్లాసు కింద పెట్టేశాడు. జాగ్రత్త అక్కా అని లేచి వెళ్ళిపోయాడు. నేను గ్లాసు తీయడానికి వంగాను. అప్పుడు అమ్మ నెమ్మదిగా అంది.

"పిల్లోళ్ళ మాట ఎత్తకుంటే నువ్వు చెప్పుండేవాడివి కాదు గదా, నాయనా?"