ఏడుగురు కావాలి

ఆసుపత్రిలో అందరూ ఆవిడని ఎక్స్‌రే అక్క అనేవారు. ముప్పై ఒక్క ఏళ్లు అదే గదిలో, కిటికీ లేని గోడల మధ్య పని చేసింది. "ఊపిరి బిగబట్టండి... ఆఁ, వదలండి." రోజుకి అరవైసార్లు ఆవిడ నోట వచ్చే మాట అదే. వచ్చినవాళ్లు ఎముకలు చూపించి వెళ్లిపోయేవారు. ఒకసారి బజార్లో ఒకాయన ఎదురుపడి, "అక్కా, గుర్తుపట్టారా?" అన్నాడట. ఆవిడ కాసేపు తేరిపార చూసి, "మొహం గుర్తులేదు నాయనా, ఎడమ మోచెయ్యి కదూ?" అందట.

అక్కకి పెళ్లి కాలేదు. ఎందుకు కాలేదని అడిగినవాళ్లకి నవ్వే జవాబు, అడగనివాళ్లకి అదీ లేదు. నాన్న బతికున్నన్నాళ్లూ ఇంట్లో రెండు కంచాలు ఉండేవి. ఆయన పోయాక రెండో కంచం అరమీదకి ఎక్కింది. ఆయన వదిలి వెళ్లినవాటిలో ఆవిడకి పనికొచ్చింది ఒకటే, గుడి కార్యదర్శి పని. పనికొచ్చింది అంటే, ఆదివారాలకి ఒక చోటు, ఇంట్లో బల్ల మీద నాలుగు కాగితాలు, ఏడాదికోసారి ప్రయాణం.

బస్సు డిపో వెనక సందులో ఉండేది ఆ గుడి. ఆంగ్లికన్ అనే క్రైస్తవ సంఘం వాళ్ల చర్చి. పక్కనున్న వర్క్‌షాపు నడిచిన రోజుల్లో రెండొందల మంది పట్టేవారు కాదట. వర్క్‌షాపు మూతబడ్డాక క్వార్టర్లు ఖాళీ అయ్యాయి, క్వార్టర్లతో పాటు గుడీ. నాన్న రాసిన సంఘస్థుల జాబితాలో నాలుగు పేజీలున్న పేర్లు అక్క చేతికి వచ్చేసరికి ఒక పేజీ, తర్వాత అర పేజీ. పోయినవాళ్ల పేరు మీద గీత కొట్టడం, ఊరు మారినవాళ్లకి ఉత్తరం రాసి పంపడం అన్నీ ఆవిడే చేసేది. గీత కొట్టేటప్పుడు స్కేలు పెట్టి కొట్టేది. చేత్తో కొడితే విసుక్కున్నట్టుంటుందని.

బయటివాళ్లు అనుకుంటారు, గుడి అంటే బిషప్పుగారు హుకుం జారీ చేస్తే అందరూ తలూపడమే అని. అక్క ఆ మాట వింటే ఊరుకునేది కాదు. "మాకు సినడ్ ఉందండీ. సంఘాలన్నీ కలిసి కూర్చునే పెద్ద సభ. అందులో బిషప్పులు ఒక వరస, గుళ్లు నడిపే గురువులు ఒక వరస, మనలాంటి మామూలు సంఘస్థులు ఒక వరస. ఏ చట్టమైనా మూడు వరసల్లోనూ విడివిడిగా గెలవాలి. మూడు పొయ్యిలూ రాజుకుంటేనే వంట. బిషప్పులందరూ ఔనన్నా మా వరస కాదంటే ఆ కాగితం చెత్తబుట్టకే!" ఇంత పొడుగు మాట ఆవిడ నోట మరే విషయంలోనూ ఎవరూ వినలేదు.

చిన్న సంఘమైనా సినడ్‌లో ఒక కుర్చీ ఉంటుంది. ఆ కుర్చీ పద్నాలుగేళ్లు అక్కది. రైలెక్కి వెళ్లేది, చివరి వరసలో కూర్చునేది, చెయ్యెత్తాల్సిన చోట ఎత్తేది, మళ్లీ రైలెక్కేది. పద్నాలుగేళ్లలో ఒక్కసారే నోరు విప్పింది.

అప్పుడు చర్చకొచ్చింది సంఘాల వార్షిక సభ గురించిన నియమం. అంతకుముందు ముగ్గురు కూర్చుంటే సభే. ముగ్గురూ ఒకే ఇంటివాళ్లై ఒకరినొకరు ఎన్నుకుంటున్నారని ఫిర్యాదులొచ్చాయి. అందుకని కొత్త ముసాయిదా రాశారు. జాబితాలో పేరున్న సంఘస్థులు ఏడుగురు హాజరు కావాలి, గురువుగారు అధ్యక్షత వహిస్తారు గానీ తలల లెక్కలోకి రారు, వరసగా రెండుసార్లు ఏడుగురు చేరకపోతే బిషప్పు ఆ సంఘాన్ని పక్క సంఘంలో కలిపేయవచ్చు. ముసాయిదాని ఒకసారి చదివి అన్ని సంఘాలకీ పంపారు. ఏడాది తర్వాత అది తిరిగొచ్చి ఒక్కో వాక్యం చర్చకి నిలబడింది. "సభ గుడి భవనంలోనే జరగవలెను" అన్న వాక్యం దగ్గర, చివరి వరసలో ఒక చెయ్యి లేచింది.

అక్క మైకు దగ్గరికి వెళ్లింది. "మా గుడి కప్పు కారుతుందండీ," అంది. అంతే వచ్చింది. సభంతా గొల్లున నవ్వింది. చట్టాలు చూసే లాయరుగారు మాత్రం నవ్వలేదు. కళ్లజోడు పైకి తోసుకుని, "అయితే ఏమని మార్చమంటారమ్మా?" అన్నాడు.

"సంఘం పరిధిలో అనువైన చోట, అని."

మార్చారు. మూడు వరసల్లోనూ చేతులు లేచాయి, అక్కదీ లేచింది. ఏడుగురు అన్న లెక్కకీ ఆవిడే చెయ్యెత్తింది. అప్పటికి వాళ్ల జాబితాలో ఇరవై మూడు పేర్లుండేవి. ఏడనేది ఒక లెక్కా అనిపించింది. అచ్చయిన చట్టం పోస్టులో వచ్చినప్పుడు ఆ నాలుగు మాటలనీ వేలితో తడిమి చూసుకుంది. కన్న పిల్ల ఒంటిని తల్లి తడిమినట్టు అని ఎవరైనా అంటే సిగ్గుపడి చచ్చేది గానీ, ఆ రాత్రి భోజనం చెయ్యడం మర్చిపోయిన మాట నిజం.

ఎనిమిదేళ్లు గడిచాయి. ఇరవై మూడు కాస్తా సరిగ్గా ఏడుకి వచ్చి ఆగింది. సంఘ పెద్ద, అందరూ కరెంటాయన అని పిలిచే ఎలక్ట్రీషియను. ఆయన భార్య. బేకరీ తాతయ్య. ఒకరి మాట ఒకరు పూర్తి చేసే అక్కచెల్లెళ్లిద్దరు. ఎక్స్‌రే అక్క. ఏడో మనిషి టీచరమ్మ. ఎనభై రెండేళ్లావిడ, ఆ సందులో సగం మందికి చదువు చెప్పింది. ఆ మధ్య స్నానాలగదిలో జారిపడి తుంటి విరిగింది. ఫిల్ము తీసింది అక్కే. ఫిల్ముని వెలుతురుకి పట్టి చూసిన క్షణమే ఆవిడకి తెలిసిపోయింది, ఈవిడ ఇక గుడిమెట్లు ఎక్కదని.

ఆ ఏడు వార్షిక సభకి ఆరుగురే వచ్చారు. పైగా బిషప్పుగారి దగ్గర్నుంచి ఉత్తరం: మెయిన్ రోడ్డు మీది పెద్ద గుడితో కలుస్తారా, విడిగా ఉంటారా, మీ సభలో మీరే తేల్చి చెప్పండి. తేల్చడానికి సభ ఉండాలి గదా! గురువుగారు గడియారం చూసుకుంటూ అరగంట ఆగారు. ఆయనకి నాలుగు గుళ్లు, ఒక స్కూటరు.

"ఇందులో ఏముందక్కా," అన్నాడు కరెంటాయన. "టీచరమ్మగారింటికెళ్లి ఓ సంతకం పెట్టించుకొచ్చేస్తా. ఆవిడ వచ్చారో లేదో ఎవరు చూడొచ్చారు?"

"నేను చూశాగా," అంది అక్క.

కరెంటాయన భార్య మూతి తిప్పింది. "చట్టం చట్టం అంటూ మనల్ని మనమే ముంచుకోవడం కాకపోతే!" ఆ మాటా నిజమే. రెండోసారి కూడా ఏడుగురు చేరకపోతే వీళ్లని ఎవరూ ఏమీ అడగరు. గుడి తలుపుకి ఒక కాగితం అంటిస్తారు. గురువుగారు సభ వాయిదా వేశారు. అక్క ఆ మాటే పుస్తకంలో రాసి ఇంటికి నడిచింది.

దారంతా బుర్రలో లెక్కలే. ఏడు. ఆ ఏడుకి చెయ్యెత్తింది తనే. వేసుకున్న ముడి పళ్లతో విప్పాల్సొచ్చింది అనుకుంది. ఇంటికొచ్చి చట్టం పుస్తకం తీసింది. తను చెప్పిన నాలుగు మాటలూ తనకే గుర్తురాలేదంటే నమ్మండి. ఆ పేజీ దాకా వచ్చాకే కంటికి తగిలాయి. సంఘం పరిధిలో అనువైన చోట. టీచరమ్మ ఇల్లు గుడికి మూడిళ్ల అవతల.

మూడు వారాల తర్వాత, ఆదివారం సాయంత్రం, టీచరమ్మ గదిలో సభ పెట్టారు. ఆ గదిలో మంచం, మందుల బల్ల, రెండు కుర్చీలు తప్ప చోటు లేదు. అక్కచెల్లెళ్లు ట్రంకుపెట్టె మీద ఇరుక్కున్నారు. బేకరీ తాతయ్య కిటికీగట్టు ఎక్కాడు. కరెంటాయన గోడకి ఆనుకుని నిలబడి, అలవాటు కొద్దీ స్విచ్చుబోర్డు కేసి చూస్తున్నాడు. గురువుగారు ప్రార్థన చేసి, "ఏడుగురూ ఉన్నారా?" అని అడిగారు. అక్క వేలు చూపించి లెక్కపెట్టింది. తన దగ్గరికొచ్చేసరికి వేలు తన గుండె మీదే ఆగింది. "ఏడుగురమండీ."

ఉత్తరం చదివారు. మాటలు మొదలయ్యాయి. కప్పు ఎక్కి ఎక్కి మోకాళ్లు అరిగాయి, కలిసిపోదామన్నాడు కరెంటాయన. ఆయన భార్య తలూపింది. నా పెళ్లయింది ఇక్కడే, నేను కదలను అన్నాడు తాతయ్య. అక్కచెల్లెళ్లలో పెద్దావిడ విడిగానే ఉందామంది, చిన్నావిడ కలుద్దామంది. జీవితంలో మొదటిసారి ఒకరి మాట ఒకరు పూర్తి చెయ్యలేదు. అక్క వేళ్ల మీద లెక్క వేసుకుంది. అటు ముగ్గురు, ఇటు తనతో ముగ్గురు. టీచరమ్మ ఎటో చెప్పక్కర్లేదనుకుంది. ఈ సందు వదిలి ఒక్క పూట కూడా ఎక్కడా ఉండని మనిషి.

టీచరమ్మ దిండు మీద నుంచి తల కొద్దిగా ఎత్తింది. "నాకోసం మీరంతా ఇక్కడికొచ్చారు. సంతోషం. రేపు నేను పోయాక ఎవరి మంచం చుట్టూ కూర్చుంటారు?"

కరెంటాయన స్విచ్చుబోర్డు మీంచి చూపు తిప్పాడు.

"సంఘాన్ని నా మంచంకోడుకి కట్టెయ్యకండమ్మా. నేను పట్టుకున్నా అది నిలబడదు. కలిసిపోండి. పదిమందిలో ఉండండి."

"టీచరమ్మగారూ," అంది అక్క. ఇంకా ఏదో అనబోయింది.

"నీ సంగతి ఆలోచించే అంటున్నా," అంది టీచరమ్మ.

గురువుగారు చేతులెత్తమనబోతున్నారు. సరిగ్గా అప్పుడే అక్కకి తట్టింది, తను లేచి గుమ్మం దాటితే చాలునని. మంచినీళ్లకని వెళ్లినా చాలు. ఆరుగురే మిగులుతారు. సభ ఉండదు, ఓటు ఉండదు, తీర్మానం ఉండదు. అలా చెయ్యకూడదని చట్టంలో ఎక్కడా లేదు. ఆ గదిలో ఆ కిటుకు తెలిసింది తనొక్కతెకే. లేచింది కూడా. చేతిలో పుస్తకం, గుమ్మానికి రెండడుగులు. అందరూ తన వంక చూస్తున్నారు, కలం కోసం లేచిందేమోనని. కలం తన చేతిలోనే ఉంది. ఇప్పుడు తనే అడ్డదారి తొక్కేదైతే కరెంటాయనని ఆ రోజు ఎందుకు ఆపినట్టు?

కూర్చుంది.

విడిగా ఉండాలన్నవాళ్లు ముగ్గురు. కలవాలన్నవాళ్లు ముగ్గురు, ఆ తర్వాత దుప్పటి కింద నుంచి మెల్లగా లేచిన నాలుగో చెయ్యి. ఆ చెయ్యి చూసి గురువుగారు "చాలమ్మా, దించండి" అన్నారు. అక్క ఎక్కడా కొట్టివేత లేకుండా రాసి, పైకి చదివింది: అనుకూలం నలుగురు, వ్యతిరేకం ముగ్గురు. గురువుగారు సంతకం పెట్టారు. తాతయ్య వెళ్తూ వెళ్తూ గుమ్మం దగ్గర ఆవిడ భుజం మీద చెయ్యేసి తీసేశాడు.

ఆ నెలాఖరుకి కాగితాలన్నీ పెద్ద గుడికి వెళ్లిపోయాయి. జాబితాలో ఆవిడ పేరు ఆరొందల చిల్లరలో ఎక్కడో చేరింది. చిన్న సంఘం పోయింది కాబట్టి సినడ్‌లో కుర్చీ కూడా పోయింది. ఆ ఏడు రైలెక్కే తేదీ వచ్చినప్పుడు అలవాటుగా సెలవు చీటీ రాసి, రాశాక గుర్తొచ్చి, ఆ చీటీ మడిచి చేతిసంచిలో పడేసింది. ఈ ఏడు వెళ్లట్లేదా అని అడిగినవాళ్లు కూడా లేరు.

టీచరమ్మ దగ్గరికి నెల పైన వెళ్లలేదు. వెళ్లిన రోజున టీచరమ్మ, "కోపం పోయిందా?" అంది.

"లేదండీ," అంది అక్క. ఆ జవాబుకి ఇద్దరూ నవ్వారు. తర్వాత ప్రతి మంగళవారం వెళ్లి పేపరు చదివి వినిపించేది. వానలు మొదలైన వారంలో టీచరమ్మ పోయింది. సమాధి దగ్గరికి పెద్ద గుడివాళ్లు బస్సు పెట్టారు. బస్సు నిండింది. ఆ రద్దీలో అక్క నిలబడే వెళ్లింది.

మళ్లీ వార్షిక సభ వచ్చింది, పెద్ద గుడిలో మొదటిది. నూట నలభైమంది పైన. ఏడుగురున్నారా అని ఎవరూ అడగలేదు. తను రాకపోయినా ఈ సభ జరిగేదన్న సంగతి కూర్చున్నాక అర్థమైంది ఆవిడకి. పక్కావిడ, "కొత్తగా వచ్చారా?" అంది. "అవునండీ," అని అక్క జరిగి చోటిచ్చింది. ఆ పక్కావిడ తన చెల్లెల్ని పిలిచి ఆ చోట్లో కూర్చోబెట్టుకుంది. అక్క ఇంకా జరిగి, స్తంభం చాటుకి వచ్చేసింది.

సైకిళ్ల షెడ్డు గేటు పక్కన వెయ్యాలా, బావి వైపు వెయ్యాలా అని వాదన. ముప్పావుగంట సాగింది. చివరికి చేతులెత్తమన్నారు. కార్యదర్శి కాగితం పట్టుకుని వరసలు లెక్కపెట్టుకుంటూ వచ్చాడు, స్తంభం దాకా వచ్చి తిరిగిపోయాడు. "గేటు వైపు ఎనభై మూడు," అని అరిచాడు.

"ఎనభై నాలుగు," అంది అక్క.

వినపడలేదు. అక్క లేచి నిలబడింది. "స్తంభం వెనక ఇంకొకరున్నారండీ!"

తలలన్నీ తిరిగాయి. కార్యదర్శి నొచ్చుకుంటూ వెనక్కొచ్చి, ఆవిడ ఎత్తిపట్టుకున్న చెయ్యి చూసి, కాగితం మీద మూడు కొట్టేసి నాలుగు వేశాడు. బావి వైపు చేతులు నలభైకి మించి లేవు. షెడ్డు ఎటూ గేటు పక్కకే వెళ్లేది. అయినా అంకె దిద్దేదాకా ఆవిడ చెయ్యి దించలేదు, సభ ముగిసేదాకా కదల్లేదు. బయటికొచ్చేసరికి తన బస్సు వెళ్లిపోయింది. రెండోది నలభై నిమిషాలకి గానీ లేదు. స్టాపులో నిలబడి దాని కోసం ఎదురుచూసింది.