తుడిచిన బండ, రాయని బండ

తాండూరు నాపరాళ్ల యార్డులో కొలతల పనికి కుదిరి నేను కలతలు తెచ్చుకున్నాను. డెబ్బైల చివరి సంవత్సరాలవి. నేనూ, నాకంటే ఏడాది చిన్నవాడైన మా చిన్నాన్న కొడుకూ పొద్దున్నే వికారాబాదులో ప్యాసింజరెక్కి తాండూరులో దిగేవాళ్లం. పని సులువైనదే. పాలిషైన బండను టేపుతో కొలవాలి, పొడవూ వెడల్పూ సుద్దముక్కతో దాని మీద రాయాలి, తర్వాతి బండకు పోవాలి. ఆ తర్వాతి బండకు పోవడమే నా వల్ల అయ్యేది కాదు.

రెండడుగులు అని రాసేవాణ్ని. టేపు వంకరగా పట్టానేమో అనిపించేది. మళ్లీ కొలిస్తే రెండడుగులే. కానీ సరిగ్గా చదివానా? తడిగుడ్డతో తుడిచి, కొలిచి, రాసి, మళ్లీ తుడిచేవాణ్ని. నా తప్పు కొలత వల్ల ఎవరి ఇంట్లోనో మెట్టు కదిలి, ఏ ముసలమ్మో పడి, తుంటి విరిగినట్టు కళ్లకు కట్టేది. అదంతా ఒట్టి ఊహేనని నాకూ తెలుసు. తెలిసినా చెయ్యి ఊరుకునేది కాదు.

మా తమ్ముడికి ఏ ముసలమ్మా కనిపించేది కాదు. వాడు టేపు పరిచేవాడు. అంతలో గూడ్సు ఇంజను కూత పెడితే లేచి చూసేవాడు. అటునుంచి అటే నీళ్ల కుండ దగ్గరికి పోయి, అక్కడెవరితోనో కన్నడంలో రెండు మాటలు నేర్చుకుని వచ్చి, మూడో బండ దగ్గర కూర్చునేవాడు. మధ్యలో రెండు బండలున్నట్టు వాడికి తెలిసేదే కాదు.

సాయంత్రానికి ఇద్దరి వరసల్లోనూ అంకెల్లేని బండలే. మోసే ఆడవాళ్లు వాటిని ఒక పక్కన పెట్టి నవ్వేవారు.

"మీ ఇద్దరికి ఒక్కటే రోగం," అన్నాడు యార్డు యజమాని సేటు ఒకరోజు. "ధ్యాస లేదు. ఎల్లుండి వ్యాగన్ వస్తది. దాంట్ల ఒక్క బండ అంకె లేకుండ పోయిందనుకో, ఇద్దరు ఇంటికి పోవుడే."

అంతకుముందు దర్జీ దుకాణంలో ఒక పనీ, పరిగిలో విత్తనాల కొట్టులో ఒక పనీ ఇలాగే పోగొట్టుకున్నాను. ఈ మూడోది కూడా పోతే అమ్మకు మొహం ఎలా చూపించాలి? ధ్యాస లేదన్న మాట ఇంకా గుచ్చుకుంది. ఉన్న ధ్యాసంతా ఒక్క బండ మీదే పెట్టి నేను చస్తుంటే!

యార్డులో పని చూసే ముసలి ముకద్దమ్‌ను అందరం చాచా అనేవాళ్లం. ఆయన ఆ అంకెల్లేని బండల దగ్గర గొంతుక్కూర్చుని ఒక్కో దాన్నీ వేలితో రుద్ది చూశాడు.

"సేటు, జర ఆగుండ్రి. గీ బండ సూడుండ్రి, తుడ్సి తుడ్సి సున్నమేసినట్టయింది. గిదేమో నున్నగున్నది, దీని మీద సుద్దే పడలే." నా వైపు తిరిగాడు. "ఏం బేటా, దీన్ని కొలిసినవా?"

"కొలిసిన చాచా. నాలుగుసార్లు."

"మరెందుకు తుడ్సినవ్?"

"తప్పుంటదేమోనని."

తమ్ముణ్ని అడిగాడు. "నువ్వు?"

"కొలిసిననే అనుకున్న చాచా," అన్నాడు వాడు, నిజంగానే ఆశ్చర్యపోతూ.

చాచా నవ్వాడు. "వీనికి యాది ఉంటది, నమ్మకం ఉండదు. వానికి నమ్మకం ఉంటది, యాది ఉండదు. ఒక్కటే రోగం ఎట్లయితది?"

చాలా ఏళ్ల తర్వాత ఒక డాక్టరు నాది ఓసీడీ అనే అనుమానపు జబ్బనీ, మా తమ్ముడి లక్షణాలు వింటే ధ్యాస నిలవని ఏడీడీలా ఉందనీ చెప్పాడు. ఆ మాట చెప్పడానికి ఆయన గంటసేపు ప్రశ్నలడిగాడు. చాచా రెండు బండలు చూశాడు.

మర్నాడు చాచా నా తడిగుడ్డ లాక్కుని, ఎర్ర రంగు డబ్బా, బ్రష్షు చేతిలో పెట్టాడు. "ఇది తుడిస్తే పోదు. ఒక్కసారి కొలువు, రాయి, లే." తమ్ముడి ముందు మాత్రం ఒకసారికి ఒక్క బండే పెట్టించాడు. కొలత గట్టిగా అరిచి చెప్తేనే మోసే ఆవిడ ఇంకోటి తెచ్చేది. వాడికి అదొక ఆటైపోయింది. నాకు అది జ్వరం. ఎర్రటి అంకె ఆరిపోతుంటే వేళ్లు గుడ్డ కోసం వెతుక్కునేవి.

అంకె లేని బండ ఒక్కటీ లేకుండా వ్యాగన్ నిండింది. తలుపు వేస్తుంటే ఉండబట్టలేక అన్నాను, "చాచా, ఆ ఆఖరి బండ ఒక్కటి సూసొస్త."

"సూస్తే ఏమైతది?"

"మనసు నిమ్మళమైతది."

"ఎంతసేపు?"

అబద్ధమాడలేకపోయాను. "తలుపు మూసేదాక."

"మరి మూయనీ," అన్నాడు చాచా.

సేటు లెక్కల పుస్తకం మూశాడు. రేపు తొందరగా రమ్మన్నాడు, అంతే. పని పోలేదని తమ్ముడు ఈలవేసుకుంటూ స్టేషనుకు నడిచాడు, టిఫిను డబ్బా యార్డులోనే మర్చిపోయి. నేను మాత్రం కొలత తప్పిందని బండలు కొన్నవాళ్ల దగ్గర్నుంచి ఉత్తరం వస్తుందేమోనని పదిహేను రోజులు ఎదురుచూశాను. రాలేదు. వచ్చిన ఉత్తరం దారిలో ఎక్కడో పోయిందేమోనని ఇంకో వారం భయపడ్డాను.