శత్రువు తొక్కిన వంతెన

ఎవెలియో సమోరాను ఇష్టపడే మనిషి మా ఊళ్ళో ఒక్కరూ లేరు. ఆయనకు కావలసిందీ అదే.

పెద్ద పెద్ద చెట్ల మీద మంచెలు కట్టి, మంచెకూ మంచెకూ మధ్య వేలాడే వంతెనలు బిగించి, పిల్లలూ పెద్దలూ కలిసి ఎక్కి ఆడుకునేలా చేయడం ఆయన పని. కోస్తారికా తీరంలోని హోటళ్ళ చెట్లు సగం ఆయన చేతిలో పడి బయటికొచ్చినవే. పని పూర్తయ్యాక చూడ్డానికి ఆయన స్నేహితులను పిలవడు. "స్నేహితుడు మొహమాటానికి మెల్లగా నడుస్తాడు. మనమంటే మండిపడేవాడైతేనే, ఇది కూలిపోతే బాగుండునని మనసారా ఎగిరి తొక్కుతాడు" అంటాడు. శత్రువు పైన ఎగురుతుంటే, తను సరిగ్గా దాని కిందే బల్ల వేసుకుని భోజనం చేస్తాడు. అందుకే జనం కోళ్ళను పెంచినట్టు ఆయన శత్రువులను పెంచుకున్నాడు. నేనూ ఆ కోళ్ళలో ఒకణ్ణి. ఆయన వంతెన మీద నేను ఎగిరిన ఎగురుడుకు ఒకసారి కోతుల గుంపు మొత్తం పక్క కొండకు కాపురం మార్చేసింది.

అబద్ధమాడితే నాలుక నల్లబడుతుందని మఠం బళ్ళో సిస్టర్లు చెప్పేవారు. నాది ఇప్పటికీ ఎర్రగానే ఉంది. కాబట్టి ఇది కూడా నమ్మండి: మా ఊరి మంచు ఎంత చిక్కన అంటే, పొద్దున ఎవెలియో చేజారిన సుత్తి మధ్యాహ్నం భోజనాలయ్యాక గానీ నేలను తాకలేదు.

ఆయన శత్రువుల్లో పట్టపుదేవి దోన్యా క్రిసాంతా. చనిపోయిన ఆయన భార్యకు అక్క. ఆ పగ పాతది. ఎవెలియో తన మొదటి మంచెను మామగారి దేవదారు చెట్టు మీద కట్టాడు. మామగారికి అల్లుడంటే గిట్టదు గనక పరీక్షకు ఆయన్నే ఎక్కించాడు. ముసలాయన ఎక్కాడు, ఎగిరాడు, చుట్టూ చూశాడు, ఇక దిగనన్నాడు. కింద పెళ్ళాం పోరు, పైన చల్లగాలి. ఎవరు దిగుతారు? ఆ తండ్రి పోయేదాకా పాతికేళ్ళపాటు మూడు పూటలా బుట్టలో అన్నం పెట్టి, గిలక మీద తాడు లాగి పైకి పంపింది క్రిసాంతా. ఆమె అరచేతుల్లో ఆ తాడు కాయలు ఇప్పటికీ ఉన్నాయి. వాటిని చూసుకున్నప్పుడల్లా ఆమె మరిదిని కొత్తగా తిట్టేది.

ఊరూరా కట్టిన ఎవెలియో సొంత ఊరి పిల్లలకు ఏమీ కట్టలేదు. ముసలితనంలో ఆ కోరిక పుట్టింది. బడి పక్కనున్న మేడిమాను మీద రెండు మంచెలు, వాటి మధ్య పొడవాటి వంతెన, కింద వల, అన్నీ కట్టాడు. చర్చి తిరునాళ్ళకు, మేం తుర్నో అంటాం, ఆ రోజే తెరవాలని. బడిపిల్లల తల్లులకు పెద్ద అయిన నొయెమీ మాత్రం అడ్డం పడింది.

"దోన్యా క్రిసాంతా తొక్కితేనే మా పిల్లలు ఎక్కేది, దోన్ ఎవెలియో."

"ఇంతమంది శత్రువులు తొక్కారు కదమ్మా!"

"వాళ్ళందరూ మీమీద సరదాగా కోప్పడతారు. ఆవిడ నిజంగా కోప్పడుతుంది."

నేను నొచ్చుకున్నాను గానీ మాట నిజమే. ఎవెలియో వదినగారి గుమ్మం ముందుకు వెళ్ళాడు. వినోదం చూద్దామని నేనూ వెళ్ళాను. ఆమె బెల్లం నీళ్ళు తాగుతోంది. మాకు ఇవ్వలేదు.

"వదినగారూ, మీరు ఒక్కసారి వచ్చి తొక్కాలి."

"రాను మరిదిగారూ. మీకు మేలు జరిగే పని ఏదైనా నేను చేస్తే మా చెల్లెలు గోరీలో అటు తిరిగి పడుకుంటుంది."

"మీరు రాకపోతే పిల్లలెవరూ ఎక్కరు."

"ఎక్కకూడదనే రాను. దయచేసి మీ మొహం నా గుమ్మం ముందునుంచి తీసుకుపోండి. పాలు విరిగిపోతాయి."

మా ఊళ్ళో పెద్దలను దోన్, దోన్యా అంటాం, కుక్కను కూడా మీరు అనే పిలుస్తాం. అందుకే తిట్లు ఇంకా లోతుగా దిగుతాయి.

తుర్నో వచ్చింది. మంచె మెట్లకు అడ్డంగా కట్టిన తాడు అలాగే ఉంది. పిల్లలు దాన్ని పట్టుకుని పైకి చూస్తూ నిలబడ్డారు. కర్ర పలకల మరింబా వాయిద్యం మోగుతోంది. ఎవెలియో తిన్నగా వాయిద్యాల దగ్గరికి వెళ్ళి "బొంబ!" అని అరిచాడు. ఆ కేక పడితే సంగీతం ఆగాలి, ఎవరినో ఒకరిని పద్యంలో ఉతకాలి. ఆయన క్రిసాంతా కేసి తిరిగాడు.

"కొండ దిగి మబ్బు వచ్చె, కోడి గూడు ఎక్కె,
వంతెనంటే వదినగారు మంచం కింద నక్కె!
నాలుక చూస్తే గొడ్డలంట, నరికిపారేసేది,
కాళ్ళు చూస్తే నిన్నటి రొట్టె, గాలికే విరిగేది!"

జనం పగలబడి నవ్వారు. క్రిసాంతా తింటున్న తమాల్‌ను, ఆకులో ఉడికించిన ఆ మొక్కజొన్న ముద్దను, ఆకుతో సహా బల్ల మీద పెట్టింది. మూతి తుడుచుకుంది. "నాకు పద్యాలు రావు. కాళ్ళే వచ్చు. పదండి" అంది.

ఎవెలియో మొహం వెలిగిపోయింది. పరుగున వెళ్ళి వంతెన కింద బల్ల వేసుకున్నాడు. గిన్నెలో కర్రపెండలం, మొక్కజొన్న కండె వేసిన మాంసం పులుసు. పైన క్రిసాంతా మొదలుపెట్టింది. నడక కాదది, దండయాత్ర. ఒక్కో పలక మీద రెండు కాళ్ళతో ఎగిరి, ఎవెలియో పుట్టినరోజును తిట్టి, తర్వాతి పలక మీదికి దూకేది. మాను ఊగింది. నడిమికొచ్చేసరికి టప్‌మని ఒక పలక విరిగింది. ఆమె కాలు తొడదాకా కిందికి దిగింది. జోడు వల సందులోంచి జారి వచ్చి ఎవెలియో పులుసులో పడింది.

తల్లులు కేకలు పెట్టి పిల్లలను వెనక్కి లాక్కున్నారు. ఎవెలియో చెంచా పట్టుకుని అలాగే ఉండిపోయాడు. ఆయన కట్టినది విరగడం ఊరు ఎన్నడూ చూడలేదు.

పైనుంచి క్రిసాంతా విరిగిన ముక్కను కిందికి విసిరింది. రంగు కింద అంతా పిండే. పురుగు తొలిచేసింది.

"ఈ కర్ర ఎప్పుడు కొట్టారు మరిదిగారూ?"

ఎవెలియో ఆ ముక్కను వేళ్ళ మధ్య నలిపాడు.

"నేను చెప్పనా? చంద్రుడు పెరిగే రోజుల్లో కొట్టారు. నా కిటికీలోంచి చూశాను. మంచులో ఎవరికీ కనబడదనుకున్నారు."

జనం నోళ్ళు నొక్కుకున్నారు. మా కొండల్లో దొంగ కూడా చంద్రుడు తరిగే రోజులు చూసే చెట్టు కొడతాడు. పెరిగే రోజుల్లో కర్ర నిండా తీపి నీరుంటుంది, పురుగుకు అది విందు.

"నాలుగు పలకలు తక్కువయ్యాయి. తుర్నో దగ్గర పడుతోంది" అన్నాడు ఎవెలియో. ఆయన గొంతు అంత చిన్నగా రావడం నేనెప్పుడూ వినలేదు.

"అంత తెలిసీ ముందే ఎందుకు చెప్పలేదు?" అని నొయెమీ పైకి అరిచింది.

"ఈయన వంతెన మీద చీమ కూడా ఎక్కకుండా కుళ్ళిపోవాలని. పద్యం చదవకపోయి ఉంటే అలాగే జరిగేది. మిగతా మూడు ఏవో నాకు తెలియదు, ఆయనకు తెలుసు. అవి మార్చేదాకా నేను దిగను."

దిగలేదు. వల మీదుగా పాకి అవతలి మంచె చేరి, పావడా సర్దుకుని కూర్చుంది. ఎవెలియో కొట్టంలో తరిగే వెన్నెల్లో కొట్టిన పాత కర్ర ఉంది గానీ అది రంపం కిందికి వెళ్ళి, చిత్రిక పట్టి, పైకి రావాలి. ఆ పని అవుతున్నంత కాలం ఆవిడకు ఆకలి వేసింది. మామూలు ఆకలి కాదు, పాతికేళ్ళ ఆకలి.

"మరిదిగారూ, బెల్లం నీళ్ళు!"

ఎవెలియో బుట్టలో పెట్టి తాడు లాగాడు.

"చల్లారిపోయాయి. ఇంకోటి పంపండి. రొట్టె కూడా. ఆ రొట్టె కాదు, వేడిది."

"వదినగారూ, నా చేతులు పొక్కాయి."

"కాయలు కాస్తాయి లెండి. నాకూ కాశాయి."

చివరి పలక బిగించాక ఆమె లేచి, కొత్త పలకల మీద ఒక్కోదాని మీద ఆగి ఆగి ఎగిరింది. ఒక్కటీ కిక్కురుమనలేదు. ఆ మాట ఒప్పుకోవడం ఆమెకు ఎంత కష్టమైందో మొహం చూస్తే తెలిసింది. "ఎక్కించుకోండి" అని నొయెమీకి చేయి ఊపి, ఒంటి జోడుతో మెట్లు దిగింది. అడ్డు తాడు తెగిందో, పిల్లలే తెంపారో, చూస్తుండగానే మాను నిండా పిల్లలు.

ఎవెలియో పులుసు కారుతున్న జోడును తెచ్చి ఆమె ముందు పెట్టాడు.

"కృతజ్ఞతలు వదినగారూ."

"ఆ మాట మీ దగ్గరే ఉంచుకోండి. వచ్చే వానలు వెళ్ళగానే మళ్ళీ వస్తాను, మళ్ళీ తొక్కుతాను. అప్పటిదాకా నాతో మంచిగా ఉండే ప్రయత్నం చేశారంటే ఊరుకోను."

ఆయన ఆమె మాట జవదాటలేదు. మర్నాడే ఆమె కంచె మీద ఆరేసిన దుప్పటిని తన ఆవు చేత నమిలించాడు.