మా మేస్త్రిని నేను పెట్టిన గడి

డిగ్రీ చదివి, ఉద్యోగం రాక, మిరపకోతకు వెళ్ళేవాళ్ళు మా గురజాల చుట్టుపక్కల చాలామందే ఉన్నారు. నేనూ వాళ్ళలో ఒకదాన్ని. కాకపోతే నాకు కాస్త నోరెక్కువ. ఆ నోరు చూసే కూలీల సంఘం వాళ్ళు నన్ను అంతర్జాతీయ రాజకీయ తరగతులకు పంపారు. పంపడమంటే విమానం ఎక్కించడం కాదు, ఆదివారం మధ్యాహ్నం సంఘం గదిలో ల్యాప్‌టాప్ ముందు కూర్చోబెట్టడం. తెర మీద ఏడెనిమిది దేశాల సోషలిస్టు కార్యకర్తలు ఉండేవారు. వాళ్ళ మాటలు మాకు తెలుగులో, మా మాటలు వాళ్ళకు ఇంగ్లీషులో చెప్పడానికి రిటైరైన టీచరుగారొకరు నరసరావుపేట నుంచి బస్సులో వచ్చేవారు. ఆవిడకు మోకాళ్ళ నొప్పులు. అయినా ఒక్క ఆదివారం మానలేదు. తలుచుకుంటే ఇప్పటికీ చేతులెత్తి దండం పెట్టాలనిపిస్తుంది.

ఆ క్లాసులు నాకు తెగ నచ్చాయి. అదనపు విలువ అంటే, మన కష్టంలో కూలిగా మనకు తిరిగిరాని వాటా అని తెలిసిన రోజు ఇంటికొచ్చి మా అమ్మను అన్నం తిననివ్వకుండా వివరించాను. "ఇది మాకు తెలవదనుకున్నావా ఏంటే? ఆ కూర ఇటియ్యి" అంది.

ఒకసారి ఇంటిపని ఇచ్చారు. మనం పనిచేసే చోట ఎవరి కష్టం ఎవరి చేతికి పోతోందో పటం గీసి చూపించాలి. నేను చార్టు కొని, మూడు రంగుల స్కెచ్ పెన్నులతో గీశాను. కింద కూలీలు, పైన రైతు, వ్యాపారి, కోల్డ్ స్టోరేజీ. మధ్యలో ఎర్ర రంగు గడిలో 'దళారులు'. ఆ గడిలో మార్కెట్ కమీషన్ ఏజెంటు పక్కనే మా ముఠా మేస్త్రిని కూడా రాశాను.

ముఠా అంటే కోతకు కలిసి వెళ్ళే ఆడవాళ్ళ గుంపు. రైతుతో మాట్లాడి, ఆటో కుదిర్చి, తెల్లారేసరికి అందర్నీ పోగుచేసేది మేస్త్రి. తనూ మాతోపాటే కోస్తుంది, అందరి దగ్గరా కొంత కమీషన్ పట్టుకుంటుంది. మా మేస్త్రి నాకు చుట్టం కాదు, అయినా పెద్దమ్మా అనే పిలుస్తాను. కాయను తొడిమ దగ్గర ఎలా తుంచాలో నేర్పింది ఆవిడే. మొదటిరోజు నా చేతులు భగభగ మండుతుంటే తన క్యారేజీలో మజ్జిగ పోసి కడిగింది కూడా ఆవిడే.

ఇక నా తెలివి చూడండి. ఆ ఆదివారం ఆవిడ్నే వెంటబెట్టుకుని వెళ్ళాను. మా కూలీలు కూడా క్లాసుకు వస్తారని ఆ దేశాలవాళ్ళకు చూపించుకోవాలని నా ఉబలాటం. ఆవిడ మంచి చీర కట్టుకుని వచ్చింది. నేను లేచి, చార్టు పట్టుకుని, నేర్చుకున్న పెద్దపెద్ద మాటలన్నీ వాడి తెలుగులో దంచేశాను. ఎర్ర గడి దగ్గరకొచ్చి, "ఈ మేస్త్రులు కూలీల చెమట మీద బతికే దళారులు" అన్నాను. టీచరుగారు తర్జుమా ఆపి ఒక్క క్షణం నా వంక చూశారు. ఆ చూపు కూడా నాకు అర్థం కాలేదు. తెర మీద క్లాసు చెప్పే ఆయన చాలా స్పష్టంగా ఉందని మెచ్చుకున్నాడు. నేను మురిసిపోతూ పక్కకు తిరిగేసరికి కుర్చీ ఖాళీ. పెద్దమ్మ గుమ్మం దగ్గర చెప్పులు వేసుకుంటోంది.

"పెద్దమ్మా, అది నిన్ను కాదు, వ్యవస్థని" అన్నాను. ఆవిడ గుమ్మం దాటేసింది.

మర్నాడు తెల్లారి రోడ్డు మీద నిలబడ్డాను. ఆటో ఆగదేమోనని దిగులు. పని పోతుందన్న భయం కొంతే. పెద్దమ్మ మొహం తిప్పేసుకుంటే ఆ ముఠాలో నాకింకెవరున్నారు? ఆటో ఆగింది. నేను రోజూ కూర్చునే చోట పెద్దమ్మ ఇంకెవర్నీ కూర్చోనివ్వలేదు. కానీ నోరు విప్పలేదు.

ఆ రోజు నా చేతులు ఆడలేదు. కిలోల లెక్కన కోత అది. సాయంత్రం గట్టు మీద కాటా పెట్టేసరికి అందరి గోతాలూ నిండాయి, నాది సగం కూడా దాటలేదు.

మా ముఠాలో ఒక పద్ధతి ఉంది. కడుపుతో ఉన్నవాళ్ళు, జ్వరం నుంచి లేచినవాళ్ళు వెనకబడితే, కాటాకు ముందు తలా ఒక దోసెడు కాయలు వాళ్ళ గోతంలో పోస్తాం. ఎవరూ ఏమీ అనరు. ఎప్పుడూ మొదట లేచేది పెద్దమ్మే. పటం గీసినప్పుడు ఇది నాకు తట్టనే లేదు, రోజూ చేసేదాంట్లో రాజకీయం ఏముంటుందిలే అనుకున్నాను కాబోలు. ఆ సాయంత్రం ఆవిడ లేచి మూడు దోసిళ్ళు నా గోతంలో పోసింది. నా మొహం మాత్రం చూడలేదు. ఆవిడ వెనకాలే అందరూ పోశారు. మిరపఘాటు కళ్ళలో పడిందని చెప్పాను. నిజానికి ఏడ్చాను.

వారమంతా అలాగే నడిచింది. ఆటోలో చోటుంది, మాట లేదు. నాలుగు తిట్టినా బాగుండేది. అలాగని క్లాసుల మీద నాకు కోపం రాలేదు. ఎవరి కష్టం ఎవరికి పోతోందని అడగడం నేర్పింది వాళ్ళే, అందుకు ఈరోజుకీ వాళ్ళని ప్రేమగా తలుచుకుంటాను. అడిగాక చుట్టూ చూడాలని నేర్పింది పెద్దమ్మ.

తర్వాతి ఆదివారం టీచరుగారు బస్సు దిగి నేరుగా పెద్దమ్మ ఇంటికెళ్ళి, ఆవిడ్ని తీసుకొచ్చారు. పెద్దమ్మ నాకు దూరంగా, టీచరుగారికి అవతల కూర్చుంది. నా వంతు రాగానే చార్టు పట్టుకుని, పోయిన వారం సగమే చెప్పానని, తప్పు నాదని ఒప్పుకున్నాను. దోసిళ్ళ సంగతి చెప్పాను. ఎర్ర గడిలోంచి మా మేస్త్రిని కొట్టేస్తానని పెన్ను తీశాను.

"కొట్టెయ్యమాకని చెప్పండి టీచరమ్మా" అంది పెద్దమ్మ. "కమీషన్ తీసుకుంటన్నా, అందులో అబద్ధం ఏముంది? అయితే మేస్త్రి లేకుండా పని కుదిరే దారేందో కూడా ఈ క్లాసులోనే చెప్పమనండి. చానా సంతోషంగా దిగిపోతా."

క్లాసు చెప్పే ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. ఈలోగా పెద్దమ్మే తెర మీదవాళ్ళని ఇంకోటి అడిగింది. "మీ చేలల్లో వెనకబడినదానికి ఎవరు పోస్తారమ్మా?"

దక్షిణ అమెరికాలో పండ్ల తోటల్లో కోతకు వెళ్ళే ఒకావిడ జవాబు చెప్పింది. వాళ్ళ దగ్గర ప్రతి బుట్టకూ నంబరు ఉంటుందట. ఒకరి పండ్లు ఇంకొకరి బుట్టలో వేస్తే ఇద్దర్నీ పనిలోంచి పంపేస్తారట. కడుపుతో ఉన్నప్పుడు చేతులు ఆడక తననీ పంపేశారట. టీచరుగారు అదంతా తెలుగులో చెప్పారు.

పెద్దమ్మ టీచరుగారి మీదుగా వంగి నా మోచెయ్యి గట్టిగా పట్టుకుంది.

"ఆ పిల్లని మన ముఠాలోకి రమ్మని చెప్పవే" అంది. "నువ్వు కాస్త జరిగితే ఆటోలో చోటుండిద్ది."

టీచరుగారు అది తర్జుమా చేశాక తెర మీద ఆవిడ నవ్వుతూ ఏడ్చిందని తర్వాత చెప్పారు. నేను చూడలేదు, పెద్దమ్మ వంకే తిరిగి ఉన్నాను. వారం తర్వాత పెద్దమ్మ నాతో మాట్లాడిన మొదటి మాట అది.