నాక్కూడా గారు

లోకంలో ఆయనకు లేని జబ్బు లేదు. ఎవరు ఏ బాధ చెప్పుకోబోయినా, మాట పూర్తి కాకముందే "నాక్కూడా" అనేవారు. ఎదురింటాయనకు మోకాలు పట్టేస్తే ఈయనకూ మోకాలే. పాలావిడకు పన్ను సలుపుతుంటే ఈయనకూ అదే పన్ను, అదే వైపు. ఒకసారి పక్కింటి కోడలు నెల తప్పి, పొద్దున లేస్తే వికారంగా ఉంటోందని చెప్పుకుంటుంటే, పేపర్లోంచి తలెత్తకుండానే "నాక్కూడానమ్మా" అన్నారు. ఆ రోజు నుంచీ వీధి వీధంతా ఆయన్ను "నాక్కూడా గారు" అనే పిలిచింది. ఆయనేమీ అనుకోలేదు.

వీధికి ఇది వినోదం. ఇంట్లో కోడలికి ప్రాణసంకటం. ఆమెది బస్టాండు కౌంటర్లో టికెట్లిచ్చే ఉద్యోగం. పొద్దస్తమానం కిటికీ అవతలి గొంతులతో వేగి వేగి ఇంటికొచ్చి, "నడుం పడిపోతోంది అత్తయ్యా" అనేది. అత్తగారు అయ్యో అనేలోపే వసారాలోంచి వినపడేది: "నాక్కూడా." తనకంటూ మిగిలిన ఆ ఒక్క నొప్పిలోనూ వాటా.

ఆ ఇంట్లో ఏ నొప్పీ లేని ప్రాణి పిల్లి ఒక్కటే. పేరు దొర. వాడు గడప దాటి ఎరగడు. కిటికీలో కూర్చుని వీధిని తనిఖీ చేసి, భోజనానికి దిగేవాడు. ఒక సాయంత్రం కోడలు డ్యూటీ నుంచి వచ్చి, తలుపు వేసే ఓపిక కూడా లేక గుమ్మంలోనే కూలబడి చెప్పులు విప్పుకుంటుంటే, దొర ఆమె ఒడి మీదుగా దూకి వీధిలో పడ్డాడు.

ఆమె సందుసందూ గాలించింది. వెనకాలే మామగారు.

"ఎంత పిలిచినా పలకడేం మావయ్యా? ఇంట్లో పడి ఉండీ ఉండీ విసుగెత్తిందేమో."

"నాక్కూడా," అన్నారాయన.

అక్కడే కూర్చుని ఏడుద్దామనిపించింది ఆమెకు. దానికీ ఓపిక చాలలేదు.

మర్నాడు పొద్దున మెకానిక్ షెడ్డులో, చక్రాలు లేని కారు కింద దొరికాడు దొర. చెవి చిరిగింది. ముందరి కుడికాలు వాచి నేల మీద ఆనడం లేదు. ఆమె సెలవు పెట్టి, వాణ్ణి బుట్టలో పెట్టుకుని పశువుల ఆసుపత్రికి బయల్దేరబోతే, మామగారు కుడిచేతికి గుడ్డ చుట్టుకుని ఎదురొచ్చారు.

"చేతికేమైంది మావయ్యా?"

"దొరకున్నదే. వాడికి ముందరికాలంటే నాకు చెయ్యే కదమ్మా. బుట్ట నువ్వే పట్టుకో."

ఆసుపత్రి బల్ల మీద ఒక లారీ డ్రైవరు కూర్చుని ఉన్నాడు. తలుపంత మనిషి. ఒళ్ళో ముసలి కుక్క. కుక్క నిమ్మళంగానే ఉంది, మనిషే నిమిషానికోసారి వీధి తలుపు వైపు చూస్తున్నాడు. దాని పొట్ట కింద గడ్డ ఉందట, కోసి తీయాలట. ఇంతకుముందు రెండుసార్లు లోపలికి పిలవగానే కుక్కను ఎత్తుకుని ఇంటికి వెళ్ళిపోయాడని కాంపౌండరు కోడలితో మెల్లిగా చెప్పాడు.

"ఇంకా సాగదీస్తే దక్కదమ్మా. చెబితే వినడు."

మామగారు డ్రైవరు పక్కకు జరిగారు. "గడ్డా? పొట్ట కిందా? నాక్కూడా."

భూమి రెండుగా చీలితే బాగుండుననుకుంటూ కోడలు బుట్టలోకి తల దించింది.

డ్రైవరు తలెత్తాడు. "మీకా?"

"నిమ్మకాయంత. ఇదిగో, ఇక్కడే."

"కోశారా?"

"కొయ్యక? మత్తిచ్చారు. కళ్ళు మూశాను, తెరిచాను. అయిపోయింది."

డ్రైవరు కాసేపు కుక్క వీపు నిమిరాడు. "మెలకువ రాగానే ఎవరికోసమైనా వెతుక్కున్నారా?"

"మా ఆవిడ కోసం చూశాను. గుమ్మంలోనే ఉంది. మళ్ళీ హాయిగా నిద్రపోయాను. నువ్వూ గుమ్మంలోనే ఉండు నాయనా."

లోపల్నుంచి పిలుపొచ్చింది. డ్రైవరు లేచి వీధి తలుపు వైపు చూశాడు. మామగారి వైపు చూశాడు. కుక్కను గుండెకు అదుముకుని లోపలికి నడిచాడు.

రెండో గదిలో డాక్టరమ్మ దొర కాలు చూసి, "ఇంకో పిల్లి కరిచింది. గాయం కడిగి సూది వేస్తాను," అంది.

"నాక్కూడా," అని మామగారు చెయ్యి చాపారు.

పొద్దుటి నుంచీ కరిచేవాటితో, తన్నేవాటితో వేసారిపోయి ఉందావిడ. "మీరు నా పరిధిలోకి రారండీ," అంది నిర్వికారంగా.

దొరకు సెలైన్ ఎక్కేసరికి మధ్యాహ్నం దాటింది. వాళ్ళు బయటికొస్తుంటే డ్రైవరు ఆపరేషన్ గది గుమ్మంలో నేల మీద కూర్చుని ఉన్నాడు. లోపల కుక్క కళ్ళు తెరిచి, అతన్ని చూసి, మళ్ళీ మూసుకుంది. అతను మామగారికి రెండు చేతులూ ఎత్తి దండం పెట్టాడు.

బస్సులో సీటు దొరికాక కోడలు అడిగింది. "మీకు గడ్డ ఎప్పుడు తీశారు మావయ్యా? నాకెవరూ చెప్పలేదే."

"ఏ గడ్డ?"

"పొట్ట కిందది."

"నాకు గడ్డేమిటమ్మా? జ్వరం కూడా ఎరగను. గుండ్రాయిలా ఉన్నాను."

"మరి అతనితో ఎందుకలా అన్నారు?"

"పాపం, ఒక్కడే కూర్చున్నాడు కదా," అని ఆయన కిటికీలోంచి బయటికి చూశారు.

కోడలు ఒళ్ళోని బుట్టను దగ్గరికి జరుపుకుంది. ఇన్నేళ్ళూ ఈయన తన నడుంనొప్పిలో వాటాకొస్తున్నారనుకుంది. ఉన్నట్టుండి నవ్వొచ్చింది. అలిసిన ఒంటికి నవ్వొస్తే ఆపుకోవడం కష్టం.

మామగారు అటూ ఇటూ చూసి గొంతు తగ్గించారు. "ఈ సంగతి మీ అత్తయ్య దగ్గర అనకు. నాకు ఏ రోగమూ లేదని తెలిసిందా, మేడ మీదికి నీళ్ళ క్యాన్లన్నీ రేపట్నుంచి నాచేతే మోయిస్తుంది."